పాత చీరల బొంత: ది యంగ్ గాడ్స్ 40 ఏళ్ల ప్రయాణం

చెన్నైలో వడపళనిలోనో శాలిగ్రామంలోనో తెలుగువాళ్ల పెళ్లి రిసెప్షన్‌కి వెళ్తే స్టేజి మీద ఆర్కెస్ట్రా ఉంటుంది కదా, అందులో కీబోర్డ్ వాయించే కుర్రాడు 80ల చివర్లోదో 90ల మొదట్లోదో ఒక మాస్ పాట ఎత్తుకున్నాడంటే పల్లవికి ముందు ఒక్క కీ గట్టిగా నొక్కుతాడు, "ఢాంగ్" మని హాలంతా ఉలిక్కిపడుతుంది. వయొలిన్లు, బాకాలు, డ్రమ్ములు అన్నీ కలిసి ఒకేసారి కొట్టినట్టుంటుంది ఆ శబ్దం. నిజానికి అక్కడున్నది ఒక్క వేలు, ఒక్క కీ. ఆ టోన్ పేరు ఆర్కెస్ట్రా హిట్, దాదాపు ప్రతి కీబోర్డ్‌లోనూ ఉంటుంది, ఆ కుర్రాడికి అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాల్సిన పని లేదు, కానీ ఆ చరిత్ర తెలిస్తే ఇక్కడ చెప్పబోయే బ్యాండ్ సగం అర్థమైపోతుంది.

1910లో పారిస్‌లో స్ట్రావిన్‌స్కీ రాసిన 'ఫైర్‌బర్డ్' అనే బ్యాలే మొదటిసారి ఆడింది. దాని రికార్డింగ్‌లోంచి ఒక్క దెబ్బ, అంటే ఆర్కెస్ట్రా మొత్తం ఒకేసారి విరుచుకుపడే ఒక్క క్షణాన్ని, డేవిడ్ వోర్‌హౌస్ అనే సంగీతకారుడు ఫెయిర్‌లైట్ మెషీన్ కోసం శాంపిల్ తీశాడు. ఫెయిర్‌లైట్ అంటే సిడ్నీలో తయారై 1979లో బయటికొచ్చిన కంప్యూటర్ వాయిద్యం, ఏ శబ్దాన్నైనా లోపల దాచుకుని కీబోర్డ్ మీద వాయించనిస్తుంది. ఆ దెబ్బని 1982లో న్యూయార్క్‌లో ఆఫ్రికా బంబాటా 'ప్లానెట్ రాక్' పాటలో వాడారు, హిప్‌హాప్ చరిత్రలో అదొక మైలురాయి. అక్కడి నుంచి ప్రపంచంలోని అన్ని కీబోర్డుల్లోకి, మన కోడంబాక్కం రికార్డింగ్ థియేటర్లలోకి, చివరికి వడపళని కళ్యాణమండపంలోకి వచ్చేసింది.

అంటే క్లాసికల్, ఎలక్ట్రానిక్, హిప్‌హాప్ ఈ మూడూ ఎప్పుడో ఒక్క కీ కింద కలిసిపోయాయి. చాలామంది ఆ కీని మెరుపు కోసం, అప్పుడప్పుడూ ఒక దెబ్బ కోసం వాడుకుని వదిలేశారు. స్విట్జర్లాండ్‌లో ముగ్గురు కుర్రాళ్లు మాత్రం 1985లో, అసలు బ్యాండ్ మొత్తాన్నీ ఆ కీ మీదే కడితే ఎలా ఉంటుంది అనుకున్నారు, ఒకడు పాడతాడు, ఒకడు శాంప్లర్ (ఫెయిర్‌లైట్ లాంటి, శబ్దాలు దాచుకుని వాయించే మెషీన్) వాయిస్తాడు, ఒకడు డ్రమ్స్, అంతే, గిటార్ లేదు బేస్ లేదు. ఆ బ్యాండే ది యంగ్ గాడ్స్. వీళ్లది ఇండస్ట్రియల్ సంగీతం, అంటే ఫ్యాక్టరీ యంత్రాల హోరు లాంటి సంగీతం, ఆ పేరు అనగానే అందరికీ నైన్ ఇంచ్ నెయిల్సో రామ్‌స్టైనో లాంటి బ్యాండ్లు గుర్తొస్తాయి గానీ శాంప్లర్‌ని వీణలాగా, వయొలిన్‌లాగా ఒక పూర్తి వాయిద్యంగా నిలబెట్టిన వాళ్లలో వీళ్లకి దక్కాల్సినంత పేరు దక్కలేదు, ఇది గట్టిగా చెప్పాల్సిన మాట.

ఊరు ఫ్రిబూర్గ్, చిన్న ఊరు, ఫ్రెంచ్, జర్మన్ రెండూ మాట్లాడతారు. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగువాళ్లకి ఈ పరిస్థితి విడమరిచి చెప్పక్కర్లేదు, ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, రెండింటిలో ఏదీ పూర్తిగా పరాయిది కాదు. పాడే మనిషి ఫ్రాంజ్ ట్రైష్లర్, అక్కడి కన్సర్వేటరీలో, అంటే సంగీత కళాశాలలో, క్లాసికల్ గిటార్ నేర్చుకున్నాడు. ఇక్కడ ఇళయరాజా గుర్తు రావడం సహజం, ఆయన కూడా లండన్ ట్రినిటీ కాలేజ్ క్లాసికల్ గిటార్ పరీక్షలు రాసినవాడే, మైలాపూర్‌లో ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర వెస్టర్న్ నోట్స్ నేర్చుకున్నవాడే. ఇద్దరి దారులూ వేరు, ఆయన నేర్చుకున్నదాన్ని కాగితం మీద నోట్స్ రాసి 40 మంది వయొలిన్ వాళ్ల ముందు పెట్టాడు, ఈయన గిటార్ పక్కన పెట్టేసి శాంప్లర్ వైపు తిరిగాడు. శాంప్లర్ మీద సెజారే పిజ్జీ, డ్రమ్స్ మీద ఫ్రాంక్ బాన్యు. బ్యాండ్ పేరు న్యూయార్క్ బ్యాండ్ స్వాన్స్ 1984 రికార్డ్ నుంచి తీసుకున్నారు, అదే స్వాన్స్‌లో డ్రమ్స్ వాయించిన స్విస్ మనిషి రోలీ మోజిమాన్ వీళ్ల ప్రొడ్యూసర్, అంటే రికార్డింగ్‌ని దగ్గరుండి నడిపించే మనిషి, అయ్యాడు, చాలా ఏళ్లు ఆ కుర్చీలో ఆయనే ఉన్నాడు.

ఇక్కడ ఇండస్ట్రియల్ అనే మాట గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ మాట వినగానే చాలామంది "అది గోల కదా" అంటారు. పేరు లండన్‌లో వచ్చింది, థ్రాబింగ్ గ్రిజిల్ అనే గుంపు 1976లో పెట్టుకున్న లేబుల్, అంటే రికార్డ్ కంపెనీ, పేరు ఇండస్ట్రియల్ రికార్డ్స్. 1980లో బెర్లిన్‌లో మొదలైన ఐన్‌స్టుర్జెండె నాయ్‌బౌటెన్ బ్యాండ్ వాళ్లు ఇనుప రేకులూ డ్రిల్ మెషీన్లూ స్టేజి ఎక్కించారు. కానీ వేళ్లు ఇంకా వెనక్కి పోతాయి, 1948లో పారిస్ రేడియోలో పని చేసే పియెర్ షెఫెర్ రైలు ఇంజిన్ల శబ్దాలు రికార్డ్ చేసి, వాటిని కోసి, తిప్పి, మళ్లీ మళ్లీ వాడి ఒక సంగీతం చేశాడు. పెరంబూర్ కోచ్ ఫ్యాక్టరీ పక్కనో అంబత్తూర్ ఎస్టేట్ పక్కనో ఉన్నవాళ్లకి ఆ ఆలోచన వింతగా అనిపించదు, లేత్ తిరుగుతుంటే దాని శ్రుతి ఒకటి ఉంటుంది, ప్రెస్ పడుతుంటే దాని లయ ఒకటి ఉంటుంది, షిఫ్ట్ ఎనిమిది గంటలూ దాంట్లో ఉన్న మనిషికి అది ఒంట్లోకి ఎక్కేస్తుంది. ఇండస్ట్రియల్ సంగీతం ఆ లయని పట్టుకుని ఇదీ సంగీతమే అంటుంది.

మరి హిప్‌హాప్ ఎక్కడ? ర్యాప్ కోసం వెతికితే యంగ్ గాడ్స్ పాటల్లో పెద్దగా దొరకదు, అందుకే కొంతమంది ఒప్పుకోరు. కానీ హిప్‌హాప్ అంటే నోటితో చేసేది మాత్రమే కాదు కదా, ముందు చేత్తో చేసింది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో జరిగిన పార్టీతో ఈ కథ మొదలైందని చెబుతారు, డీజే కూల్ హెర్క్ ఒకే రికార్డ్ రెండు కాపీలు రెండు టర్న్‌టేబుల్స్ మీద పెట్టి, పాటలో డ్రమ్స్ మాత్రమే వచ్చే కొన్ని సెకన్ల ముక్క అయిపోగానే రెండో దాంట్లో అదే ముక్క మళ్లీ మొదలుపెట్టి, అలా ఎంతసేపైనా సాగదీసేవాడు. వేరేవాళ్ల పాటలోని ముక్కే కొత్త పాటకి పునాది అయింది. మన ఇళ్లల్లో అమ్మమ్మలు పాత చీరలు కోసి బొంత కుట్టేవాళ్లు, ఇది పెద్దమ్మ పెళ్లి చీర, ఇది తాతయ్య పంచె అని వేలు పెట్టి చూపించేవాళ్లు. హిప్‌హాప్ అలాంటి బొంత, అంచు కనబడాలి, ఎవరి పాటలోంచి తీశాడో వినేవాడు గుర్తుపట్టాలి, ఆ గుర్తుపట్టడంలోనే సగం ఆనందం, సగం గౌరవం.

యంగ్ గాడ్స్ కూడా అదే కత్తెర పట్టారు, కుట్టు మాత్రం మార్చేశారు. వాళ్ల బొంతలో అంచు కనబడదు. వయొలిన్ ముక్క, మెటల్ గిటార్ ముక్క, వీధి మేళాల్లో పిడి తిప్పి వాయించే పెట్టె వాయిద్యం ముక్క, ఇవన్నీ దారం దాకా పీకేసి మళ్లీ నేసినట్టుంటుంది. ఇది ఎలా చేస్తారు అన్నది తెలుసుకుంటే పాటలు వినే పద్ధతే మారిపోతుంది, అందుకని ఇక్కడ కాస్త ఆగాలి.

ఆ రోజుల్లో శాంప్లర్ ఎంత చిన్నదంటే, 1986లో వచ్చిన అకాయ్ ఎస్900 తీసుకుంటే 12 బిట్ మెషీన్, మెమరీ 750 కిలోబైట్లు, ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో కూడా పట్టదు కొన్నిసార్లు. మంచి క్వాలిటీలో రికార్డ్ చేస్తే 12 సెకన్లు కూడా నిండవు. ఆ 12 సెకన్లలోనే ఆర్కెస్ట్రా, గిటార్, ఇనుము చప్పుడు అన్నీ సర్దుకోవాలి. కాబట్టి పొడుగు ముక్క తీసుకునే వీలే లేదు, ఒక్కో శబ్దం అర సెకనో సెకనో ఉండాలి, అంత చిన్న ముక్కలో అసలు పాట ఏదో ఎవరికీ తెలియదు. పిసినారి మెమరీయే ఆ కాలపు శాంప్లర్ సంగీతానికి శైలి నేర్పింది అంటే తప్పేం లేదు.

రెండో సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఆ కాలం శాంప్లర్‌లో శ్రుతి మారిస్తే కాలం కూడా మారిపోతుంది, రెండూ ఒకదానికొకటి కట్టేసి ఉంటాయి. సా నుంచి పా దాకా 7 స్వరస్థానాలు, పా కంపన వేగం సాకి ఒకటిన్నర రెట్లు. ఒక సెకను వయొలిన్ ముక్కని పా నుంచి సాకి దించారనుకోండి, అది ఒకటిన్నర సెకను అవుతుంది. ఒక స్థాయి మొత్తం దించితే రెండు సెకన్లు. ఇక్కడ సాగేది స్వరం ఒక్కటే కాదు, కమాను తీగని తాకే ఆ మొదటి గీత కూడా సాగుతుంది, వేలు ఊపుతూ పలికించే ఆ చిన్న వణుకు నెమ్మదిస్తుంది, హాల్లో ప్రతిధ్వని కూడా బరువెక్కుతుంది. వినేవాళ్లకి అది వయొలిన్ అని లోపల ఎక్కడో తెలుస్తూ ఉంటుంది కానీ మనిషి చేత్తో పట్టుకునే వయొలిన్ కాదు, ఏదో ఇల్లంత వయొలిన్. ఇప్పుడు ఆ ముక్కని కీబోర్డ్ మీద గబగబా మూడు సార్లు కొడితే, ప్రతిసారీ మొదటి నుంచి మొదలై మధ్యలో తెగిపోతుంది, ఆ తెగడమే లయ అవుతుంది. గిటార్ ముక్కకీ ఇదే చేస్తే మామూలు గిటారిస్ట్ చేత్తో వాయించలేని రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ ముక్క, పుడుతుంది, తీగ మోగడం మానక ముందే గొంతు నొక్కేసినట్టు ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. యంగ్ గాడ్స్ మొదటి రికార్డుల్లో వినిపించే ఆ కసి చాలావరకు ఇక్కడి నుంచి వచ్చింది.

దాని పక్కనే నిజమైన మనిషి, నిజమైన డ్రమ్స్. ఇది చిన్న విషయం కాదు, అప్పటి ఎలక్ట్రానిక్ బ్యాండ్లలో చాలామటుకు డ్రమ్ మెషీన్ పెట్టుకునేవాళ్లు, లయ యంత్రానిది, గొంతు మనిషిది. వీళ్లు తిరగేశారు, స్వరం అంతా యంత్రంలోంచి, లయ మనిషి భుజాల్లోంచి. మృదంగం వాయించేవాళ్లు ఉన్న ఇంట్లో ఎవరినైనా అడిగితే చెబుతారు, లయ ఊపిరి తీసుకుంటుంటే పైన ఏం వాయించినా ప్రాణం ఉన్నట్టే వినిపిస్తుంది. మెషీన్ సంగీతం అయినా వీళ్లది చల్లగా అనిపించకపోవడానికి కారణం అదే.

1987లో మొదటి ఆల్బమ్, బ్యాండ్ పేరే ఆల్బమ్ పేరు. పాటలు ఫ్రెంచ్‌లో. ఇంగ్లాండ్‌లో ఇంగ్లిష్ కాని పాటని పట్టించుకునేవాళ్లు తక్కువ, అలాంటిది అక్కడి మెలొడీ మేకర్ వారపత్రిక దాన్ని ఆ ఏడాది బెస్ట్ ఆల్బమ్‌గా ఎంచుకుంది. భాష రాని వాళ్లు పాట మీద ఇంత మోజు ఎలా పడతారు అని అడిగితే, డిసెంబర్‌లో మ్యూజిక్ అకాడమీ మెట్ల మీద నిలబడి చూడమనాలి. లోపల కూర్చున్నవాళ్లలో చాలామంది ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లు, వినేది త్యాగరాజు తెలుగు కీర్తన, "నను", "రామ", "ఏమి", "ఏల" లాంటి మాటలు చెవికి అలవాటు, పూర్తి అర్థం అందరికీ తెలియకపోవచ్చు, అయినా సరిగ్గా రావాల్సిన చోట తల ఊగుతుంది, కన్ను తడుస్తుంది. మాట అర్థంగా చేరకపోయినా శబ్దంగా చేరుతుంది, దాని బరువు, దాని అచ్చుల సాగదీత చేరుతుంది. ట్రైష్లర్ ఫ్రెంచ్‌ని అలాగే పాడతాడు, గుసగుసలోంచి మొదలుపెట్టి గొంతు చీరుకునేదాకా, లండన్‌లో కుర్రాడికి ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఏదో జరగబోతోందని తెలుస్తుంది.

1989లో వచ్చిన 'లో రూజ్', ఎర్ర నీళ్లు అని అర్థం, వీళ్ల పనిలో అన్నిటికన్నా గొప్పది అనిపిస్తుంది. క్లాసికల్ అన్న మాటకి నిజంగా న్యాయం జరిగింది ఇందులోనే. ఆర్కెస్ట్రా ముక్కలు, మూడేసి దెబ్బల వాల్ట్జ్ నడక, మధ్యలో మెటల్ గిటార్ కోతలు, ఒక్కోచోట నిశ్శబ్దం. మామూలుగా రాక్ పాటలో వయొలిన్లు వస్తే పాట పెళ్లికి కట్టిన సీరియల్ లైట్లలాగా పైపైన ఉంటాయి, తీసేసినా ఇల్లు అలాగే ఉంటుంది. ఇందులో వయొలిన్లే గోడ. ఆ ముక్క తీసేస్తే పాట కూలిపోతుంది. డ్రమ్స్ మీద అప్పటికి ఊజే హీస్టాండ్ వచ్చాడు, ఈ ఆల్బమ్ దగ్గర్లోనే పిజ్జీ తప్పుకుని శాంప్లర్ మీదకి ఆల్ కోమెట్ వచ్చాడు.

ఆ తర్వాత చేసిన పని ఇంకెవరైనా అయితే చేసేవాళ్లు కాదు. పేరొస్తున్న టైమ్‌లో, 1991లో, కుర్ట్ వైల్ పాటలతో ఒక ఆల్బమ్ మొత్తం చేశారు. వైల్ బెర్లిన్‌లో బుసోనీ దగ్గర శాస్త్రీయంగా చదువుకున్న కంపోజర్, నాటక రచయిత బ్రెఖ్ట్‌తో కలిసి 1928లో 'త్రీపెన్నీ ఒపేరా' పెట్టాడు, అంటే సరిగ్గా ఇక్కడ మద్రాసులో మ్యూజిక్ అకాడమీ మొదలైన సంవత్సరం. ఇక్కడ సంప్రదాయాన్ని కాపాడుకోవడానికి ఒక ఇల్లు కడుతుంటే అక్కడ వైల్ ఒపేరాని కేబరేలోకి, దొంగల మధ్యకి, బిచ్చగాళ్ల మధ్యకి లాక్కొచ్చాడు, రెండూ ఆ కాలానికి కావలసినవే. యంగ్ గాడ్స్ వైల్‌ని ఎంచుకోవడంలో తెలివి ఏంటంటే, మేము చేస్తున్నది కొత్త వేషం కాదు, మాకూ తాతలున్నారు అని చెప్పడం. వైల్ పాటల్లో ఉన్న ఆ వంకర నవ్వు, ఆ కుంటి నడక శాంప్లర్‌కి అతికినట్టు సరిపోయాయి.

అసలు అరువు తెచ్చుకోవడం గురించి చెన్నైకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ముత్తుస్వామి దీక్షితర్ మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో సెయింట్ జార్జ్ కోటలో ఈస్టిండియా కంపెనీ బ్యాండ్ వాయించే ఇంగ్లిష్ మెట్లు విని వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టాడు, అవే నొట్టుస్వరాలు. ఇప్పటికీ సంగీతం క్లాసులో పిల్లలు 'సంతతం పాహిమాం' పాడతారు, ఆ మెట్టు బ్రిటిష్ వాళ్ల 'గాడ్ సేవ్ ది కింగ్'. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ అదే ఊళ్లో వయొలిన్ నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చాడు. తంజావూరు సంప్రదాయం, కోటలో దొరల బ్యాండు, సంస్కృత దేవతా స్తుతి ఈ మూడూ 200 ఏళ్ల కిందట ఇక్కడే కలిశాయి, మెమరీ కార్డ్ లేకుండా చెవితో తీసిన శాంపిల్ అది.

1992లో 'టీవీ స్కై'. భాష ఇంగ్లిష్‌కి మారింది, శబ్దం గిటార్ రాక్ వైపు మళ్లింది, అమెరికాలో పేరు వచ్చింది. గిటార్ లేని బ్యాండ్ అన్నిటికన్నా ఎక్కువ గిటార్ వినిపించిన రికార్డ్ ఇదే, అంతా శాంపిల్సే. చాలామందికి ఇదే ఇష్టం, మొదటిసారి వినేవాళ్లకి ఇదే తేలిక కూడా. కానీ 'లో రూజ్' తర్వాత వింటే ఏదో ఇరుకుగా అనిపిస్తుంది, ఒకే రంగు చీరలతో కుట్టిన బొంతలాగా, వెచ్చగా ఉంటుంది గానీ వేలు పెట్టి చూపించడానికి ఏమీ ఉండదు. చివర్లో దాదాపు 20 నిమిషాల పాట ఒకటి ఉంది, 'సమ్మర్ ఐజ్', అక్కడ మాత్రం వాళ్లు మళ్లీ వాళ్లలా ఊపిరి పీల్చుకున్నారు. ఇంగ్లిష్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీ 1995 నాటి ఆల్బమ్ చేసినప్పుడు తన మీద ఈ బ్యాండ్ ప్రభావం ఉందని చెప్పాడు, అందరూ నైన్ ఇంచ్ నెయిల్స్ పేరే చెబుతుంటే.

ఆ కాలంలోనే శాంప్లింగ్ మీద ఒక పెద్ద దెబ్బ పడింది, అది న్యూయార్క్ కోర్టులో. 1991 డిసెంబర్‌లో బిజ్ మార్కీ అనే ర్యాపర్ పాట మీద తీర్పు వచ్చింది, అడక్కుండా వాడితే అది దొంగతనమే అని. అప్పటిదాకా ఒక పాటలో పదుల కొద్దీ ముక్కలు కుట్టేవాళ్లు, 1988లో పబ్లిక్ ఎనిమీ అనే ర్యాప్ గుంపు చేసిన రికార్డ్ అందుకు పెద్ద ఉదాహరణ, ఆ శబ్దాల గోడకీ యంగ్ గాడ్స్ గోడకీ చుట్టరికం ఉంది. తీర్పు తర్వాత ప్రతి ముక్కకీ అనుమతి, డబ్బు, లాయరు. హిప్‌హాప్ బొంతలో చీరలు తగ్గిపోయాయి, ఒకటో రెండో పెద్ద ముక్కలు కొనుక్కుని కుట్టుకోవాల్సి వచ్చింది. అంచు కనబడటమే అందం అనుకున్న కళకి ఆ అంచే సాక్ష్యమై కూర్చుంది, ఇది నిజంగా బాధ కలిగించే మలుపు, ఎందుకంటే పేద పిల్లలు చేతిలో ఉన్న రికార్డులతో కట్టుకున్న కళ అది.

1995 'ఓన్లీ హెవెన్', 2000లో టెక్నో (ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం) వైపు వెళ్లిన 'సెకండ్ నేచర్', మధ్యలో డ్రమ్స్ మీదకి బెర్నార్ ట్రొంటాన్, 2007లో 'సూపర్ రెడీ'. ఇవి బాగాలేవని కాదు, బాగానే ఉంటాయి, కానీ అప్పటికి శాంప్లర్ అందరి ల్యాప్‌టాప్‌లోకీ వచ్చేసింది, మెమరీకి కొరత లేదు, కొరతలోంచి పుట్టిన పదును కొంచెం మొద్దుబారింది.

2008లో 'నాక్ ఆన్ వుడ్' చేశారు, పూర్తిగా అకూస్టిక్, అంటే ఎలక్ట్రానిక్ వాయిద్యాలు లేకుండా. శాంప్లర్ లేకుండా యంగ్ గాడ్స్ ఏంటి అని ఎవరికైనా అనిపిస్తుంది. వింటే తెలుస్తుంది, శాంప్లర్ కోసం రాసిన పాటల కింద గట్టి ఎముక ఉందని, చెక్క గిటార్ మీద కూడా నిలబడతాయని. ట్రైష్లర్ కన్సర్వేటరీ వేళ్లు మళ్లీ తీగల మీదకి వచ్చాయి. ఆల్ కోమెట్ అయితే తర్వాత్తర్వాత సితార్ పట్టుకుని ఆ దారిలోనే వెళ్లిపోయాడు.

హిప్‌హాప్‌తో ముఖాముఖీ ఇంకో రెండేళ్లకి జరిగింది. న్యూ జెర్సీ నూవర్క్ నుంచి డయలెక్ అనే గుంపు ఉంది, ర్యాప్ కింద డ్రమ్స్‌తో పాటు మిక్సీ తిరుగుతున్నట్టు, వాన రేకుల మీద పడుతున్నట్టు దట్టమైన శబ్దం పెడతారు, ఫెయిత్ నో మోర్ గాయకుడు మైక్ ప్యాటన్ లేబుల్‌లో రికార్డులు వేశారు. 2010లో ఫ్రాన్స్ బెల్ఫోర్ట్‌లో జరిగే యూరోకెయెన్ పండగలో ఈ రెండు బ్యాండ్లూ ఒకే స్టేజి ఎక్కాయి, ప్రోగ్రామ్ పేరు 'గ్రియోట్స్ అండ్ గాడ్స్'. గ్రియో అంటే పశ్చిమ ఆఫ్రికాలో వంశ చరిత్రలు పాడేవాళ్లు, మన దగ్గర జంగం కథలు, బుర్రకథలు చెప్పేవాళ్ల లాగా. అక్కడ ర్యాప్ అతికించినట్టు లేదు, ఎందుకంటే ఇద్దరి కింద ఉన్న నేల ఒకటే, ఇద్దరూ శాంప్లర్ పిల్లలే, ఏళ్ల తరబడి వేరు వేరు ఊళ్లలో ఒకే పని చేస్తున్నారు. ఫ్యూజన్ అని పెట్టే చాలా కచేరీల్లో లోపం ఇక్కడే ఉంటుంది. చెన్నైలో, బెంగళూరులో కాలేజీ ఫెస్టుల్లో చూస్తూనే ఉంటాం, ఒక బీట్ పెట్టి, నాలుగు లైన్ల ర్యాప్ అయ్యాక వయొలిన్ వాళ్లని వాయించమంటారు, కల్యాణిలో రెండు సంగతులు పడతాయి, మళ్లీ బీట్. పిల్లల్లో ప్రతిభకి లోటు లేదు, వయొలిన్ వాయించే అమ్మాయి నిజంగా గొప్పగా వాయిస్తుంది, కానీ ఆ వయొలిన్‌కీ ఆ బీట్‌కీ పరిచయం జరగలేదు, బస్సులో పక్కపక్క సీట్లలో కూర్చున్నవాళ్లలా ఉంటాయి. ఆ అమ్మాయి గమకంలోంచి అర సెకను కోసి, దాన్నే బీట్ చేసి, దాని మీద ర్యాప్ పాడిస్తే? గమకం ఊగే తీరు డ్రమ్ నడకని మార్చేస్తుంది, పాడేవాడు కూడా ఆ ఊపుకి ఒదగాలి. అప్పుడు కొత్తది పుడుతుంది. దీనికి డబ్బు కూడా అక్కర్లేదు, ఫోన్‌లో రికార్డ్ చేసి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కోసుకోవచ్చు.

2014లో స్విట్జర్లాండ్ ప్రభుత్వం మొదటిసారి పెట్టిన సంగీత గ్రాండ్ ప్రీ అవార్డ్ ట్రైష్లర్‌కి ఇచ్చింది, లక్ష ఫ్రాంకులు. అప్పటికి శాంప్లర్ దగ్గరికి పాత మనిషి సెజారే పిజ్జీ తిరిగొచ్చేశాడు, 2012లో. 2019లో 'డేటా మిరాజ్ టాంగ్రామ్', నెమ్మదైన, పొడుగాటి పాటలు, కోపం చల్లారలేదు గానీ తొందర పోయింది.

2022లో మాత్రం మళ్లీ చెవులు నిక్కబొడుచుకునే పని చేశారు, అమెరికన్ కంపోజర్ టెర్రీ రైలీ రచన 'ఇన్ సి' వాయించారు. 1964లో రాసిన ఈ రచన కాగితం మీద చూస్తే ఒక్క పేజీకి సరిపోతుంది, 53 చిన్న స్వర ముక్కలు, అంతే. ఎంతమందైనా వాయించొచ్చు, ఏ వాయిద్యమైనా. ప్రతివాళ్లూ మొదటి ముక్క నుంచి వరసగా వెళ్లాలి, కానీ ఒక్కో ముక్కని ఎన్నిసార్లు వాయించాలో వాళ్ల ఇష్టం. ఒకరు 12వ ముక్కలో ఉంటే పక్కవాళ్లు 10లో ఉండొచ్చు, మరీ దూరం పోకుండా ఒకరినొకరు వింటూ కదలాలి. నిరవల్ పాడుతున్నప్పుడు ఒకే సాహిత్యం పాదం పట్టుకుని గాయకుడు తిరుగుతుంటే వయొలిన్ ఒక అడుగు వెనకగా నీడలా వస్తుంది చూడండి, ఆ అడుగు దూరంలో పుట్టే అందమే ఇందులోనూ ఉంది, ఇక్కడ అందరూ ఒకరికొకరు నీడలే. రైలీ ఈ రచన చేసిన కొన్నేళ్లకి, 1970లో, హిందుస్తానీ సంగీతంలో కిరానా ఘరానా గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్‌కి శిష్యుడయ్యాడు, ఆయన చివరిదాకా వదల్లేదు. క్లాసికల్ సంగీతం రాసినవాడు, లూప్, అంటే ఒకే ముక్క తిరిగి తిరిగి రావడం, అనే ఆలోచనని ముందే కాగితం మీద పెట్టినవాడు, మన గురువు దగ్గర కింద కూర్చుని తాన్‌పురా పట్టినవాడు, ఆయన రచనని శాంప్లర్ బ్యాండ్ వాయించడం చాలా సహజం, అసలు ఇన్నేళ్లు ఎందుకు పట్టిందా అనిపిస్తుంది.

ముగ్గురే వాయించారు కాబట్టి ఇందులో ఆ ముగ్గురి చేతులూ విడివిడిగా తెలుస్తాయి. 53 ముక్కల్లో ఎవరు ఎక్కడున్నారో వెతుక్కుంటూ వినాలి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కోయంబేడు నుంచి విమానాశ్రయం దాకా మెట్రోలో కూర్చుంటే చాలా దూరం వెళ్లొచ్చు. మొదటి పది నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది, డ్రమ్స్ కింద నుంచి మెల్లగా లేస్తాయి, ఎప్పుడు మారిందో తెలియకుండా స్వరం మారిపోయి ఉంటుంది.

2025లో 'అపియర్ డిసపియర్' వచ్చింది, మళ్లీ గట్టిగా, మళ్లీ పదునుగా, చిన్న చిన్న పాటలు. బ్యాండ్ పెట్టి అప్పటికి 40 ఏళ్లు. పాడేది ట్రైష్లర్, శాంప్లర్ మీద పిజ్జీ, డ్రమ్స్ మీద ట్రొంటాన్, స్టేజి మీద 1985లో ఉన్నట్టే ముగ్గురు.